గాజు తొట్టిలో తండ్రి చేప: ఒక పరిశీలన చరిత్ర

గౌరామీ, ఫైటర్ వంటి చేపలను పెంచేవారి ఇంట్లో, తొట్టి నీటిపైన ఒక మూల నురగలాంటి బుడగల గుంపు మీరు చూసే ఉంటారు. నీరు పాడైందనుకొని చాలామంది దాన్ని తీసి పారేస్తారు. నిజానికి అది గూడు. దాన్ని కట్టింది మగ చేప. చేపలలో సంతాన సంరక్షణ తండ్రి పని కావచ్చన్న విషయం శాస్త్రంలో ఎలా స్థిరపడిందో ఈ భాగంలో పరిశీలిద్దాం.

క్రీ.పూ. 4వ శతాబ్దంలోనే అరిస్టాటిల్ దీన్ని రాశాడు. ‘గ్లానిస్’ అనే చేప (మన వాలుగ కుటుంబానికి చెందినదే) విషయంలో, గుడ్లకు కాపలా కాసేది మగదేనని ఆయన చెప్పాడు. తరువాతి పండితులు చాలామంది నమ్మలేదు. 19వ శతాబ్దంలో లూయీ అగాసీ గ్రీసులోని అకెలూస్ నది చేపలను తెప్పించి పరిశీలించి, అవి మధ్య యూరప్‌లోని జాతికి భిన్నమైనవని గుర్తించాడు. ఆ జాతి శాస్త్రీయ నామంలో నేడు అరిస్టాటిల్ పేరే ఉంది.

నమ్మకపోవడానికి కారణం ఊహించగలరు. నీటి అడుగున జరిగేది పండితునికి కనిపించదు. జాలరికి కొంత కనిపిస్తుంది, కానీ అతని మాట గ్రంథాలకు ఎక్కదు. ఒకసారి తరగతిలో నేను కొర్రమీను పిల్లల గుంపును ‘తల్లి చేప’ కాస్తుందని చెబితే, చెరువు మీద బతికే కుటుంబం నుంచి వచ్చిన విద్యార్థి లేచి, “రెండూ ఉంటాయి సార్” అన్నాడు. అతను చెప్పిందే సరి.

పరిస్థితిని మార్చింది గాజు తొట్టి. 1850లో లండన్ రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్, నీటి మొక్కలు, నత్తలు తోడుగా ఉంటే నీరు మార్చకుండానే చేపలు చాలాకాలం బతుకుతాయని చూపాడు. 1853లో లండన్ జంతు ప్రదర్శనశాలలో చేపల గృహం తెరిచారు. ఫ్రాన్సులో కోస్ట్ అంతకు ముందే, 1840లలో, స్టికిల్‌బ్యాక్ చేప గూడు కట్టే తీరును వర్ణించాడు. మగ చేప మొక్కల ముక్కలను తన మూత్రపిండాల నుంచి వచ్చే జిగురుతో అతికించి గూడు కడుతుంది. తరువాత రెక్కలతో విసురుతూ గుడ్లకు తాజా నీరు అందిస్తుంది.

1869లో పారిస్‌లో చేపల పెంపకందారు పియెర్ కార్బోనియేకు చైనా నుంచి ఓడలో వచ్చిన పారడైజ్ చేపలు అందాయి. ఇవి గాలిని నేరుగా పీల్చగలవు కనుక కొన్నయినా ప్రయాణాన్ని తట్టుకున్నాయి. ఆయన వాటిని తొట్టిలో పెట్టి రోజూ గమనించాడు. మగ చేప నోటి జిగురుతో బుడగలు ఊది గూడు కడుతుంది, దాని కింద ఆడ చేపను చుట్టుకుంటుంది, జారిపోయిన గుడ్లను నోటితో ఏరి గూటిలోకి ఊదుతుంది. ఆ తరువాత ఆడ చేపను తరిమేస్తుంది. 1871లో డార్విన్ మానవుని అవతరణపై రాసిన గ్రంథంలో కార్బోనియేను ఉదహరించాడు. ఒక పెంపకందారు తొట్టిలో చూసినది ఆ విధంగా జీవశాస్త్ర సాక్ష్యంగా మారింది.

అయితే సాక్ష్యాన్ని ప్రశ్నించడం చరిత్ర విద్యార్థి పని. తరిమివేత అడవి నీటిలోనూ జరుగుతుంది, కానీ అక్కడ ఆడ చేప దూరంగా వెళ్లిపోతుంది. చిన్న తొట్టిలో వెళ్లే చోటు లేదు. అందుకే అది గాయపడుతుంది, కొన్నిసార్లు చనిపోతుంది. ‘క్రూరమైన మగ చేప’, ‘గుడ్లు తినే తల్లి’ వంటి వర్ణనలలో గాజు గోడల పాత్ర ఎంతో, ఆనాటి రచయితలు చాలామంది అడగలేదు. నా దృష్టిలో అరిస్టాటిల్‌ను నమ్మకపోవడం కంటే ఇది పెద్ద లోపం. 20వ శతాబ్దంలో స్టికిల్‌బ్యాక్‌పై నీకో టిన్‌బర్గన్ చేసిన పని (1973లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది) తొట్టిలో ప్రయోగాన్నీ, బయటి పరిశీలననూ కలిపి చూసే పద్ధతికి బలం ఇచ్చింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: కార్బోనియే పరిశీలనలో చేప స్వభావం ఏది, తొట్టి ప్రభావం ఏది? రెండింటినీ విడదీయడానికి మీరైతే ఎక్కడికి వెళ్లి, ఎవరిని అడిగి, ఏమి చూస్తారో ఒక పేజీ రాయండి.