బ్యాంకుకి ఒక ఉత్తరం: రోల్ట్ గారి కేసు

ఈ వారం ఎపిసోడ్‌లో టైము చాలక వదిలేసిన కథ ఇది. మన శ్రోతల్లో చాలామంది ఈస్ట్‌హామ్ చుట్టుపక్కలే ఉంటారు కాబట్టి మన పేట కథే అనుకోండి.

కొన్నేళ్ళ క్రితం ఒక స్నేహితుడు కొట్టు పెట్టుకుంటానంటే అప్పిచ్చాను. వాళ్ళ ఇల్లు అప్పటికే బ్యాంకు తనఖాలో ఉంది. దాని వెనక నాది రెండో తనఖా. కాయితాలు రాసిన సొలిసిటర్, "ల్యాండ్ రిజిస్ట్రీలో ఎక్కించడం ఒక్కటే చాలదు, బ్యాంకుకి మీరు నోటీసు పంపాలి" అంది. మావాడు చిన్నబుచ్చుకున్నాడు. "అన్నా, నామీద నమ్మకం లేదా? మధ్యలో బ్యాంకుకి ఉత్తరాలెందుకు?" అన్నాడు. నాకూ మొహమాటమేసింది. అసలు ఎందుకు పంపాలో తెలుసుకుందామని చదవడం మొదలుపెడితే 1861లో తేలాను.

బో క్రీక్ దగ్గర చార్ల్స్ జాన్ మేర్ అనే ఆయనకి ఓడలు కట్టే యార్డు ఉండేది. ఆయన తన ఆస్తిని ఒక బ్యాంకుకి తనఖా పెట్టాడు. అప్పటికున్న బాకీకే కాదు, ముందుముందు ఇవ్వబోయే అప్పులకీ అదే తనఖా వర్తించేట్టు రాసుకున్నారు. ఆ తర్వాత అదే ఆస్తిని మామగారు పీటర్ రోల్ట్‌కి రెండో తనఖా పెట్టాడు. ఈ సంగతి బ్యాంకుకి తెలుసు. తెలిసి కూడా మేర్‌కి అప్పులిస్తూ పోయింది. మేర్ దివాలా తీశాడు.

రోల్ట్ తనఖా సంగతి తెలిశాక బ్యాంకు ఇచ్చిన డబ్బు వరుసలో రోల్ట్‌కి ముందా, వెనకా? అదీ తగాదా.

'హాప్కిన్సన్ వర్సెస్ రోల్ట్' పేరుతో కేసు హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్ళింది. లార్డ్ క్యాంప్‌బెల్, లార్డ్ చెమ్స్‌ఫర్డ్ రోల్ట్ వైపు నిలిచారు. లార్డ్ క్రాన్‌వర్త్ ఒప్పుకోలేదు. మెజారిటీ తర్కం చాలా సింపుల్. మళ్ళీ అప్పివ్వమని బ్యాంకుని ఎవరూ బలవంతపెట్టలేదు. రెండోవాడు ఉన్నాడని తెలిసీ ఇస్తే ఆ రిస్కు బ్యాంకుదే. అలా కాకపోతే, సొంత ఆస్తిలో మిగిలిన విలువ మీద మనిషి ఆ ఒక్క బ్యాంకు దగ్గర తప్ప ఇంకెక్కడా అప్పు పుట్టించుకోలేడు.

ఈ రోల్ట్ గారే 1857లో అల్లుడి యార్డుని థేమ్స్ ఐరన్‌వర్క్స్ కంపెనీగా నిలబెట్టారు. 1860లో హెచ్‌ఎంఎస్ వారియర్ అక్కడే నీళ్ళలోకి దిగింది. 1895లో ఆ కంపెనీ పనివాళ్ళ కోసం పెట్టిన ఫుట్‌బాల్ జట్టే ఇవాళ్టి వెస్ట్‌హామ్.

మన దేశంలో 1882 ఆస్తి బదిలీ చట్టం వేరే దారి పట్టింది. 79వ సెక్షన్ ప్రకారం, ఇంత దాకా అప్పిస్తామని మొదటి తనఖా పత్రంలో గరిష్ఠ మొత్తం రాసి ఉంటే, అది తెలిసి తనఖా పట్టిన రెండోవాడు ఆ మొత్తం వరకూ వెనకే నిలబడాలి. బ్యాంకుకి అతని సంగతి తెలిసినా సరే. గుంటూరులో అయినా వరంగల్‌లో అయినా ఇదే రూలు. ఇంగ్లండులో రిజిస్టరైన ఆస్తులకి ఇలాంటి వెసులుబాటు 2002 చట్టంతో వచ్చింది. అమల్లోకి వచ్చింది 2003 అక్టోబరులో.

అంటే ఇక్కడ అప్పిచ్చేముందు రిజిస్టరు తీయించి రెండు చూడాలి. బ్యాంకు గరిష్ఠ మొత్తం ఏమైనా ఎక్కించుకుందా? ఇంకా అప్పివ్వాల్సిన బాధ్యత ఉందని ఎక్కించుకుందా? ఆ రెండూ లేకపోతే నోటీసే మీకు గొడుగు. బ్యాంకుకి అది అందాక ఇచ్చిన కొత్త అప్పు మీ వెనక నిలబడుతుంది.

నేను ఉత్తరం పంపాను. మూడేళ్ళకి కొట్టు మూతపడింది. ఈలోగా మావాడు ఆ ఇంటిమీదే బ్యాంకులో ఇంకొంత తెచ్చాడని ఇల్లు అమ్మేటప్పుడు తెలిసింది. బ్యాంకు పాత బాకీ ముందు తీరింది, తర్వాత నాది, ఆ తర్వాతే కొత్త అప్పు. మేం ఇప్పటికీ కలుస్తుంటాం. నా డబ్బు పోయుంటే కలిసేవాళ్ళం కాదేమో.

మీ కాయితాలు మాత్రం మీ సొలిసిటర్‌కే చూపించండి. నేను కథలు చెప్పేవాణ్ణి మాత్రమే.