ఏడో కృత్తిక ఏమైంది?



కార్తీకమాసానికి ఆ పేరెందుకు వచ్చిందో మీకందరికీ తెలిసిందే. ఆ నెల పున్నమినాడు చంద్రుడు కృత్తికల దగ్గర వుంటాడు. మరి ఆ కృత్తికలు ఎన్ని అని అడిగితే మాత్రం రెండు జవాబులు వస్తాయి. కుమారస్వామికి పాలిచ్చిన తల్లులు ఆరుగురు, ఆయన ముఖాలూ ఆరు, కాబట్టి కృత్తికలు ఆరే అంటారు పెద్దలు. సప్తర్షుల భార్యల్లో అరుంధతి ఒక్కతే వసిష్ఠుల వారి దగ్గర వుండిపోయిందని కథ. కాని అంతకంటే ఎంతో పాతదైన తైత్తిరీయ సంహితలో ఏడు పేర్లున్నాయి. అందులో మూడు పేర్లు వింటే మా అనంతపురం సీమవాళ్ళకు ప్రాణం లేచివస్తుంది. అభ్రయంతి, మేఘయంతి, వర్షయంతి! మబ్బు పట్టించేది ఒకతె, మేఘాలు కమ్మించేది ఒకతె, వాన కురిపించేది ఒకతె. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే చోట, అదీ సరిగ్గా పడని చోట, శనగవిత్తనం చేతబట్టుకుని ఆకాశం వంక చూసే రైతుకు ఇంతకంటే దగ్గరి చుట్టాలెవరు?

ఏడు ఆరెందుకయింది? ఈ ప్రశ్న మనదొక్కరిదే కాదు. గ్రీకులు కూడా వీళ్ళను ఏడుగురు అక్కచెల్లెళ్ళు అన్నారు, అందులో ఒకతె కనిపించదనీ అన్నారు. ఎందుకు కనిపించదో చెప్పడానికి వాళ్ళకూ కథలున్నాయి.

దూరదర్శినిలో చూస్తే కృత్తికలు ఏడూ కావు, ఆరూ కావు, వందలకొద్దీ చుక్కల గుంపు. ఆ గుంపులో ప్లయొనీ అని ఒక చుక్క వుంది. గ్రీకు కథలో అది ఆ ఏడుగురి తల్లి పేరు. ఈ ప్లయొనీ వెలుగు ఎప్పుడూ ఒక్కలా వుండదు. కొన్నేళ్ళు బాగుంటుంది, కొన్నేళ్ళు మసకబారుతుంది. తప్పిపోయిన కృత్తిక ఇదేనేమో అని పండితులు అనుమానించింది అందుకే.

ఎందుకు మసకబారుతుంది? మనకు తెలిసిన వస్తువుతోనే చెప్తాను. రాగులు విసిరే విసుర్రాయి గుర్తుందా? ఇప్పుడు పిండిమర వచ్చాక పట్నాల్లో అది కనబడటం లేదుగాని, మన అమ్మమ్మలకు తెల్లవారుజామున మొదటి పని అదే. నడిమి గుంటలో గింజలు పోసి తిప్పుతుంటే పిండి రాయి అంచుల్లోంచి రాలి చుట్టూ వలయంలా పేరుకుంటుంది. పైకి ఎగరదు, కిందికి పోదు, చుట్టూతానే. ప్లయొనీ చేసేదీ ఇంచుమించు ఇదే. మన సూర్యుడు తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి 25 రోజులు పైనే పడుతుంది. ప్లయొనీకి ఒక పూట చాలు. దాని నడుము దగ్గర వేగం సెకనుకు 300 కిలోమీటర్లు దాటుతుంది. వేడి సూర్యుడికి రెట్టింపు. అంత వేగంతో తిరిగితే నడుము ఉబ్బి, అక్కడి వాయువు తేలికై, కాస్త కుదుపు తగిలితే చాలు బయటికి వచ్చేస్తుంది. ఆ కుదుపు లోపలి అదురు వల్ల వస్తుందని ఇప్పటివాళ్ళ అభిప్రాయం. ఇలాంటి చుక్కల వెలుగు ఒక్కరోజులోనే సన్నగా పలుమార్లు పెరిగి తగ్గడం ఉపగ్రహాల్లోని పరికరాలకు దొరికింది. అలా బయటపడిన వాయువు చుక్క చుట్టూ పళ్ళెంలా పరుచుకుంటుంది. ఆ పళ్ళెం మనవైపు తెరుచుకుని వుంటే దాని వెలుగు కూడా కలిసి చుక్క కాంతి పెరుగుతుంది. అంచు మనవైపు తిరిగితే చుక్కకు ముసుగు వేసినట్లవుతుంది. కొన్నాళ్ళకు పళ్ళెం చెదిరిపోయి మామూలు చుక్కే మిగులుతుంది. మళ్ళీ కొన్నాళ్ళకు మొదలు.

ఇది కనిపెట్టిన చరిత్రలో నాకు నచ్చిన మనిషి వున్నది అమెరికాలో. దానికి ముందు ఒక్క మాట చెప్పాలి. 1866లో రోమ్ నగరంలో సెక్కి అనే ఫాదరీ, ఉత్తరాన కనిపించే శర్మిష్ఠ మండలంలోని నడిమి చుక్క కాంతిని పట్టకంతో విడదీసి చూశాడు. మామూలుగా చుక్కల కాంతిపట్టీలో నల్లని గీతలుంటాయి. ఈ చుక్కలో మాత్రం ఒక గీత తళతళా మెరిసింది. ఆ మెరుపు పళ్ళెంలోని హైడ్రోజన్‌ది అన్న సంగతి చాలాకాలానికి గాని తెలియలేదు.

ఆ తర్వాత హార్వర్డ్ వేధశాలలో గాజుపలకల మీద ఆకాశాన్ని ఫోటోలు తీయడం మొదలుపెట్టారు. ఒక్కో పలకపై వందల చుక్కల పట్టీలు. వాటిని భూతద్దం పెట్టుకుని ఒక్కొక్కటీ చదివి లెక్క రాసినవాళ్ళు ఆడవాళ్ళు. అందులో ముఖ్యురాలు విలియమీనా ఫ్లెమింగ్. స్కాట్లండు నుంచి వచ్చిన పిల్ల. కడుపుతో వుండగా భర్త విడిచిపోతే, వేధశాల అధిపతి పికరింగ్ ఇంట్లో పనిమనిషిగా చేరింది. 1881లో ఆమెను వేధశాలకే తీసుకున్నారు. మెరుపు గీతల చుక్కలెన్నిటినో పలకల మీద పట్టుకున్నదామె. వెలుగు మారే చుక్కలు మూడువందల పైచిలుకు ఆమెవే. 1900లో రాసుకున్న దినచర్యలో, మగవాళ్ళకు 2500 డాలర్లిస్తూ తనకు 1500 ఇస్తున్నారనీ, తనకూ ఇల్లు నడపవలసిన బాధ్యత వుందని ఆ పెద్దమనిషికి తట్టదా అనీ బాధపడింది. నూరేళ్ళు దాటినా ఆ మాట మనకు కొత్తగా అనిపించదు.

ప్లయొనీలో మెరుపు గీతలు 1888లో అదే హార్వర్డ్‌లో కనబడ్డాయి. 1905 ప్రాంతంలో మాయమయ్యాయి. 1938లో ముసుగుతో సహా తిరిగి వచ్చాయి, 1954కల్లా ముసుగు పోయింది. 1972లో మళ్ళీ ముసుగు, మళ్ళీ మసక. ఈలోగా 1931లో స్ట్రూవే అనే ఆయన, ఇదంతా విపరీతమైన తిరుగుడు వల్లనే అని సిద్ధాంతం చెప్పాడు. ప్లయొనీకి 218 రోజులకొకసారి చుట్టివచ్చే తోడు నక్షత్రం వుందనీ, అది లాగడంవల్ల పళ్ళెం బొంగరంలా ఒరుగుతూ మనవైపు ఒకసారి అంచునూ ఒకసారి ముఖాన్నీ చూపుతుందనీ 2007లో జపానుకు చెందిన హిరాటా వివరించాడు.

తేదీలు గమనించారా? ఒక విడతకూ ఇంకో విడతకూ 34, 35 ఏళ్ళు. ఒక్క మనిషి జీవితంలో రెండుసార్లు చూస్తే గొప్ప. ఫ్లెమింగ్ 1911లో పోయింది, ముసుగు తిరిగి రావడం ఆమె చూడలేదు. ముందువాళ్ళు రాసి భద్రంగా దాచిన పలకలుంటేనే తర్వాతివాళ్ళకు ఈ సంగతి అర్థమయింది. మనవాళ్ళు పేర్లు దాచారు, కథ దాచారు. ఏ ఏట ఎన్ని కనిపించాయన్న లెక్క మాత్రం దాచలేదు. అందుకని ఏడో కృత్తిక ప్లయొనీయే అని నేను గట్టిగా చెప్పను. పైగా అది పక్కనున్న అట్లాస్ అనే పెద్ద చుక్కను ఆనుకునే వుంటుంది. వెలుగులో వున్నప్పుడు కూడా దాన్ని వేరుచేసి చూడటం మామూలు కంటికి కష్టం. సుమారు లక్షేళ్ళ కిందట ఇద్దరి మధ్యా ఎడం కాస్త ఎక్కువ వుండేదని కొందరంటారు. నాకైతే అదే సబబుగా తోస్తుంది.

ఇంకో ముచ్చట. కృత్తికల వెలుగు మనదాకా రావడానికి సుమారు 440 ఏళ్ళు పడుతుంది. ఈ ఏడు మనం చూసే వెలుగు, 1565 యుద్ధంలో ఓడిన విజయనగర రాజులు హంపి విడిచి మన పెనుగొండలో కొలువుతీరిన రోజుల్లో బయలుదేరినది. 1972లో కనిపించిన ఆ మసక నిజానికి అచ్యుతదేవరాయల కాలం నాటిది. లేపాక్షి గుడికి రాళ్ళు చెక్కుతున్న కాలమన్నమాట!

మన దగ్గరా ఈ చుక్కల మీద పని జరిగింది. హైదరాబాదు నిజామియా వేధశాలలో పనిచేసిన తండ్రి దగ్గర పెరిగిన వైనూ బప్పు, తమిళనాడులోని కావలూరులో వేధశాల నెలకొల్పారు. అక్కడ 1980లలో ఈ జాతి చుక్కలను పరిశీలించారు. బొంబాయి టాటా సంస్థలో కె. ఎం. వి. అప్పారావుగారు వీటిమీద వరుసగా వ్యాసాలు రాశారు. బెంగళూరు ఖగోళభౌతిక సంస్థవారు 207 నక్షత్రగుచ్ఛాలు వెతికి, 42 గుచ్ఛాల్లో 157 మెరుపు గీతల చుక్కలున్నాయని 2008లో ప్రకటించారు. ఆ ముగ్గురు పరిశోధకుల్లో ఒకరైన అన్నపూర్ణి సుబ్రమణియన్‌గారు 2019లో ఆ సంస్థకే సంచాలకురాలయ్యారు.

ఇదంతా పెద్ద పెద్ద దూరదర్శినులు వున్నవాళ్ళ పని అనుకోకండి. అనూరాధ కార్తె అంటామే, ఆ అనూరాధ నక్షత్రంలో నడిమి చుక్క కూడా ఈ జాతిదే. ఎన్నో ఏళ్ళుగా ఒకే వెలుగుతో వుందనుకున్న ఆ చుక్క 2000 సంవత్సరం నడిమిలో హఠాత్తుగా వెలుగు పెంచింది. దాన్ని గమనించినవాడు అర్జెంటీనాలో ఒటేరో అనే ఔత్సాహికుడు, అదీ ఉత్త కంటితో. ఆ చుక్కకూ తోడొకటి వుంది, సుమారు 10 ఏళ్ళ 10 నెలలకొకసారి బాగా దగ్గరికి వస్తుంది. 2000లో వచ్చింది, 2011లో వచ్చింది, 2022లోనూ వచ్చింది.

అనూరాధ కార్తెలో మాత్రం ఆ చుక్క కనబడదు, సూర్యుడు అక్కడే వుంటాడు గనుక. రోహిణీకార్తె ఎండలకు ఇంట్లో పడుకోలేక మిద్దె మీద చాప వేసుకుంటామే, అప్పుడు చూడాలి. రాత్రి తొమ్మిది దాటాక ఆగ్నేయం వైపు ఎర్రగా జ్యేష్ఠ కనిపిస్తుంది. దానికి కాస్త పైన మూడు చుక్కలు వరుసగా వుంటాయి, అదే అనూరాధ. నడిమిది తన ఇరుపక్కల వాటికంటే ఎంత ఎక్కువ వెలుగుతో వుందో చూసి, పిల్లల పాత నోటుబుక్కులో తేదీ వేసి రాసుకోండి. వచ్చే ఎండాకాలం మళ్ళీ చూసి, పక్కన ఇంకో వరుస రాయండి.