చిన్న క్రియల పెద్ద భారం

1879లో ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ పని జేమ్స్ మర్రే చేతికి వచ్చినప్పుడు పదేళ్లలో ముగుస్తుందనుకున్నారు. అయిదేళ్ల తర్వాత, 1884లో, అచ్చయిన మొదటి భాగం ‘యాంట్’ దగ్గరే ఆగింది.

పని జరిగే తీరే అలాంటిది. దేశదేశాల పాఠకులు పుస్తకాలు చదువుతూ, ఒక్కో మాటకు ఒక్కో కాగితం ముక్క మీద ఆ మాటున్న వాక్యం, పుస్తకం పేరు, ఏడాది రాసి టపాలో పంపేవారు. మర్రే తన పెరట్లో వేయించుకున్న ఇనుప రేకుల షెడ్డులో ఆ చీటీలన్నీ అరల్లోకి చేరేవి. చీటీలు వేరుచేసే పనిలో ఆయన పిల్లలూ చేతులు వేశారు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, పాఠకుల కన్ను వింత మాటల మీదే పడేది. వాడుకలో లేని ‘అబ్యూజన్’కు యాభై దాకా ఉదాహరణలు వచ్చాయి, అందరూ వాడే ‘అబ్యూజ్’కు అయిదైనా రాలేదు. మామూలు మాటల్ని కూడా ఏరి పంపమని మర్రే మొరపెట్టుకోవలసి వచ్చింది. ఆ మొర న్యాయమైనదే. భాష బరువంతా మోసేది ఆ మాటలే కదా!

‘సెట్’ అనే క్రియనే చూడండి. సూర్యుడు అస్తమించినా, సిమెంటు గట్టిపడినా, విరిగిన ఎముక సరిచేసి కట్టినా, అలారం పెట్టినా, ప్రశ్నపత్రం తయారుచేసినా ఇంగ్లీషువాళ్లకు అదే మాట. చీటీల్ని అర్థాలవారీగా విడదీసి, ప్రతి అర్థంలోనూ పాతవి ముందు, కొత్తవి వెనక పేర్చాలి. ఏది కొత్త అర్థం, ఏది పాతదానికి కొమ్మ అన్నది తేల్చడమే అసలు విద్య. ‘సెట్’ ఉన్న భాగానికి సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ.

మర్రే 1915లో, బ్రాడ్లీ 1923లో కన్నుమూశారు. నిఘంటువు 1928లో పూర్తయింది. 20 సంపుటాల రెండో కూర్పు 1989లో వచ్చేసరికి ‘సెట్’ 430కి పైగా అర్థాలతో అన్నిటికన్నా పొడవైన వివరణ ఉన్న పదంగా నిలిచింది.

తర్వాత ఆ స్థానం ‘రన్’కు దక్కింది. నది పారినా, రైలు నడిచినా, ముక్కు కారినా ‘రన్’ ఉండనే ఉంది. యంత్రాలు, కంప్యూటర్ ప్రోగ్రాములు వచ్చి దాని అర్థాల్ని ఇంకా పెంచాయి. పీటర్ గిలివర్ అనే సంపాదకుడు తొమ్మిది నెలలు కూర్చుని, ఈ ఒక్క క్రియకు 645 అర్థాలు తేల్చాడు.