నీలం, పసుపు, నత్త చుట్టు

1907 అక్టోబరు. స్టాక్‌హోమ్ నడిబొడ్డున, హామ్న్‌గాటన్ వీధిలోని స్టూడియోకి వచ్చారు మీరు. గుమ్మంలోనే ఆగండి, లోపల కాలు పెట్టే చోటు లేదు. పదడుగులు దాటిన పొడవు, దాదాపు ఎనిమిదడుగుల వెడల్పున్న కాగితం నేలంతా పరుచుకుని ఉంది. దాని మీదే వంగి బొమ్మ వేస్తున్నారు హిల్మా ఆఫ్ క్లింట్. ఈ నెలలోనే ఆమెకు 45 నిండుతాయి. రాయల్ అకాడమీలో చదివి, పూలనూ మనుషులనూ ఉన్నదున్నట్టు దించడం నేర్చిన చెయ్యి అది. ఇవాళ ఆ చెయ్యి లోకంలో ఎక్కడా కనబడని ఆకారాలు గీస్తోంది.

టెంపెరా రంగు చప్పున ఆరిపోతుంది, తటపటాయిస్తూ కూర్చుంటే కుదరదు. కాగితమంతా ముదురు నీలం పరుచుకుంది. మనిషి జీవిత దశల్లో ఇది బాల్యం. తర్వాత యౌవనం, నడివయసు, వృద్ధాప్యం వస్తాయి. మొత్తం పది బొమ్మలు, డిసెంబరులోగా పదీ పూర్తవుతాయి.

ఇంకాస్త దగ్గరికి రండి. కుంచె మొన దగ్గరే చూడండి. ఒక నీలం గీత, ఒక పసుపు గీత ఒకదాన్నొకటి పెనవేసుకుంటూ సాగుతున్నాయి. ఆమె లెక్కలో నీలం స్త్రీ, పసుపు పురుషుడు. రెండూ కలిసిన చోట పుట్టే ఆకుపచ్చ వాటి ఐక్యం. లిల్లీ పువ్వు స్త్రీ వైపుది, గులాబీ పురుషుడి వైపుది. ఇంతలో గీత కొస బీరపాదు నులితీగలా మెలితిరిగి, చుట్టు మీద చుట్టు వేసుకుని నత్త అయింది. నత్త అంటే ఎదుగుదల, ప్రాణం మెట్టుమెట్టుగా పైకి రావడం. పక్కన గొలుసుకట్టుగా రాసిన అక్షరాల్లో 'యు' ఆత్మకు గుర్తు, 'డబ్ల్యు' పదార్థానికి.

ఈ అర్థాలన్నీ ముందే రాసి పెట్టుకుని ఆమె కుంచె పట్టలేదు. 1896 నుంచి మరో నలుగురు స్త్రీలతో కలిసి ధ్యానంలోనూ ప్రార్థనలోనూ కూర్చుంటున్నారు. దివ్యజ్ఞాన సమాజంలోనూ ఉన్నారు. ఆ సమాజం కేంద్రం మన మద్రాసు అడయారులోనే. ఈ పని తనకు అదృశ్య శక్తులు అప్పగించాయని ఆమె గట్టి నమ్మకం. బొమ్మ తన చేతి మీదుగా వచ్చింది, దాని అర్థం మాత్రం తను వెతుక్కోవాలి. అందుకే నోటుపుస్తకాల్లో వేలాది పేజీలు రాశారు. తన గుర్తులకూ అక్షరాలకూ తనే ఒక నిఘంటువు కూర్చుకున్నారు. అందులో ఒకే గుర్తుకు ఒకటికి మించిన అర్థాలు కనిపిస్తాయి.

ఎందుకలా? పది బొమ్మలనూ వరుసగా నడిచి చూస్తే తెలుస్తుంది. యౌవనంలో నేపథ్యం నారింజ రంగుకు మారుతుంది, చుట్లు పట్టపగ్గాల్లేకుండా తిరుగుతాయి. నడివయసులో లేత ఊదా రంగు మీద పెద్ద పసుపు పువ్వు విచ్చుకుని కాగితాన్ని ఆక్రమిస్తుంది. వృద్ధాప్యంలో రంగు పలచబడి, ఆకారాలు అటూ ఇటూ సమంగా సర్దుకుంటాయి. చుట్టు అదే. వయసు మారేకొద్దీ అది చెప్పేది మారుతోంది. నత్త అంటే ఎదుగుదల అని ఒక్క మాటలో తేలిపోయేదైతే ఒక్క బొమ్మ చాలేది. పసివాడి ఎదుగుదలా పండుముసలి ఎదుగుదలా ఒకటి కావు కాబట్టే ఆమెకు పది కావాల్సి వచ్చాయి.

తన కాలం వీటిని అందుకోలేదని ఆమె గ్రహించారు. పోయాక 20 ఏళ్ల దాకా బయట పెట్టవద్దని చెప్పి, 1944లో కన్నుమూశారు. తన బొమ్మలకు సర్పిలాకారపు గుడి కట్టాలన్నది ఆమె కల. 2018లో న్యూయార్క్‌లోని గుగ్గన్‌హైమ్ మ్యూజియంలో, సర్పిలంగా పైకి తిరిగే నడవ వెంట ఆమె బొమ్మలు వేలాడాయి. వాటిని చూడటానికి ఆరు లక్షల మందికి పైగా వచ్చారు.

ఆ జనంలో ఇప్పుడు మీరూ ఉన్నారు. నైరూప్య చిత్రం ముందు నిలబడగానే "దీనికి అర్థమేంటి?" అని అడగాలనిపిస్తుంది. అడగండి, అందులో తప్పేమీ లేదు. జవాబు కోసం గోడ మీది చీటీ దగ్గరికి పరుగెత్తే ముందు, ఆ గుర్తు ఇంకెక్కడెక్కడ వచ్చిందో, వచ్చిన చోటల్లా దాని పక్కన ఏముందో చూడండి. తన గుర్తుల కోసం నిఘంటువు రాసుకున్న మనిషే వాటిని ఏళ్ల తరబడి తిరగేసి చదువుకున్నారు. ఆ ఓపికలో కాస్తంత మనకూ ఉంటే, అర్థం ఎవరూ చెప్పకుండానే అందడం మొదలవుతుంది.