స్టార్ట్ బటన్ మాయమైన రోజులు

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని సంపాదకవర్గం వారు కోరారు. పే రివిజన్ల గురించి, సంఘం తొలి రోజుల గురించి నాకంటే బాగా రాయగల పెద్దలు మనలో ఎందరో ఉన్నారు. నేను మాత్రం ఒక చిన్న బటన్ చరిత్ర రాయదలచాను. నవ్వకండి. ఆ బటన్‌తో ముడిపడిన పాత బాకీ ఒకటి నా మీద ఉంది.

1998లో మా కార్యాలయానికి విండోస్ 95 ఉన్న కంప్యూటర్లు మూడు వచ్చాయి. అంతకు ముందు లెక్కలన్నీ లెడ్జర్లలోనే. నేను కాస్త ముందుగా నేర్చుకున్నవాణ్ణి గనుక సెక్షన్‌లో అందరికీ నేర్పే పని నా మీద పడింది. మౌస్ చేతికి అలవాటు కావాలని ముందుగా అందరిచేతా సాలిటేర్ ఆడించేవాణ్ణి. ఆఫీసు వేళల్లో పేకాట ఆడినా ఎవరూ మెమో ఇవ్వని రోజులు అవి!

మా సూపరింటెండెంట్ గారికి అప్పటికి రెండేళ్ల సర్వీసు మిగిలి ఉంది. లెడ్జరు పేజీ మీద పైనుంచి కిందికి వేలు జార్చి మొత్తం చెప్పేవారు. పైసా తేడా వచ్చేది కాదు. మొదటి రోజు సాయంత్రం ఆయన, "ఏమయ్యా, దీన్ని ఆపేదెట్లా?" అని అడిగారు. "స్టార్ట్ నొక్కండి సార్" అన్నాను. "ఆపేదెట్లా అంటే మొదలుపెట్టమంటావేమిటయ్యా?" అన్నారు. సెక్షనంతా గొల్లుమంది. నేనూ నవ్వి, "చాలా సులభం సార్, చిన్నపిల్లలు కూడా చేస్తున్నారు" అన్నాను. ఆయన మళ్లీ ఆ కుర్చీలో కూర్చోలేదు. తన పని కాగితం మీద రాసి, జూనియర్ అసిస్టెంటు చేత ఎక్కించుకుని, 2000లో పదవీ విరమణ చేశారు.

ఇక అసలు చరిత్రకు వస్తాను.

మైక్రోసాఫ్ట్ వారు 1995 ఆగస్టు 24న విండోస్ 95 విడుదల చేసినప్పుడు తెర కింద ఎడమ మూలకు ఆ స్టార్ట్ బటన్ వచ్చింది. ఎటు వెళ్లాలో తెలియనివాడికి అది ఊరి బస్టాండు లాంటిది. దారి తప్పినా అక్కడికి చేరితే చాలు, ఏ బస్సయినా దొరుకుతుంది. పదిహేడేళ్లపాటు ప్రపంచంలో కోట్లాది మంది చేతులు ఆ మూలకే అలవాటుపడ్డాయి.

2010లో ఆపిల్ సంస్థ ఐప్యాడ్ తెచ్చింది. వేలితో తాకితే పనిచేసే ఆ పలకను జనం ఎగబడి కొన్నారు. ఇక కంప్యూటరు కూడా వేలికే లోబడాలని మైక్రోసాఫ్ట్ వారు తలచారు. ఆ ఆలోచనలోంచి విండోస్ 8 పుట్టింది. 2011 సెప్టెంబరులో తొలి నమూనా చూపించి, 2012 ఫిబ్రవరి 29న ప్రజలందరూ వాడి చూడటానికి మరో నమూనా ఇచ్చి, 2012 అక్టోబరు 26న అమ్మకానికి పెట్టారు. విభాగాధిపతి స్టీవెన్ సినోఫ్‌స్కీ.

యంత్రం తెరవగానే తెర నిండా రంగురంగుల గళ్లు. స్టార్ట్ బటన్ లేదు. కంప్యూటరు ఆపాలంటే మౌస్‌ను కుడివైపు మూలకు తీసుకువెళ్లాలి. అక్కడ దాగిన పట్టీ ఒకటి బయటికి వస్తుంది. అందులో సెట్టింగ్స్, దానిలో పవర్, దానిలో షట్‌డౌన్. కొత్త తరహా ప్రోగ్రాములకు మూసే ఇంటూ గుర్తు కూడా లేదు. పైఅంచు పట్టుకుని కిందిదాకా లాగాలి. టాబ్లెట్ మీద వేలితో ఇవన్నీ హాయిగానే సాగాయి. బల్ల మీది కంప్యూటరు ముందు మౌస్ పట్టుకున్నవాడికే చిక్కు వచ్చింది. నిలువుగా ఉన్న తెర మీద చెయ్యి చాచి గంటల తరబడి తాకుతుంటే భుజం లాగేస్తుంది. ఈ నొప్పికి నిపుణులు చాలాకాలం కిందటే 'గొరిల్లా చెయ్యి' అని పేరు పెట్టారు. మన వయసువారికి దాన్ని వివరించనక్కరలేదు.

జనం స్పందన పలురకాలుగా ఉంది. యంత్రం త్వరగా తెరుచుకుంటోందని, గళ్లు ముచ్చటగా ఉన్నాయని మెచ్చుకున్నవారు ఉన్నారు. 2012 మార్చిలో ఒక అమెరికన్ తన తండ్రిని ఆ నమూనా ముందు కూర్చోబెట్టి వీడియో తీశాడు. డెస్క్‌టాప్‌లోకి వెళ్లిన ఆ పెద్దాయన గళ్ల తెరకు తిరిగి రాలేక తికమకపడటాన్ని లక్షలాది మంది చూశారు. సౌలభ్య శాస్త్రంలో పేరున్న జాకబ్ నీల్సన్, కంప్యూటరు అనుభవం బాగా ఉన్న పన్నెండు మందితో పరీక్ష జరిపి, కొత్తవారికీ పాతవారికీ కూడా ఇది నిరాశ కలిగిస్తుందని 2012 నవంబరులో రాశారు. ఇక గడుసువారు క్లాసిక్ షెల్, స్టార్ట్8 వంటి సాఫ్ట్‌వేర్లు వేసుకుని పోయిన బటన్‌ను తామే తెచ్చుకున్నారు.

కంపెనీ వారు గుడ్డిగా చేశారని అనలేము. జనం ఎక్కడెక్కడ నొక్కుతున్నారో లెక్కలు తీసే చేశారు. తరచు వాడే ప్రోగ్రాములను కింది పట్టీలో పెట్టుకుని, స్టార్ట్ మెనూ వాడకం తగ్గించుకుంటున్నారని ఆ లెక్కల్లో తేలింది. లెక్క సరైనదే. కానీ ఎన్నిసార్లు నొక్కారన్నది లెక్కకు అందుతుంది. అది అక్కడ ఉందన్న ధైర్యం అందదు. ఊళ్లో ఆస్పత్రికి మనం రోజూ వెళ్లం. వెళ్లడం లేదు గదా అని మూసేస్తే ఊరుకుంటామా?

సినోఫ్‌స్కీ 2012 నవంబరులోనే సంస్థను వీడారు. 2013 మొదటి మూడు నెలల్లో ప్రపంచంలో కంప్యూటర్ల సరఫరా అంతకు ముందు ఏడాది అదే కాలంతో పోలిస్తే 13.9 శాతం పడిపోయిందని ఐడీసీ సంస్థ లెక్కతేల్చింది. టాబ్లెట్లు, ఫోన్లు ఒక కారణమైతే, కొత్త విండోస్ మీద విముఖత మరొకటని చెప్పింది. అదే ఏడాది మే నెలలో పది కోట్ల లైసెన్సులు అమ్మామని కంపెనీ ప్రకటించింది. రెండూ నిజమే. కొత్త యంత్రం కొంటే అదే లోపల ఉండి వచ్చేది మరి.

2013 అక్టోబరు 17న విండోస్ 8.1 వచ్చింది. బటన్ తిరిగి వచ్చింది గాని, నొక్కితే మళ్లీ ఆ గళ్లే! 2014 ఏప్రిల్‌లో గళ్ల తెర మీద పవర్ బటన్, ప్రోగ్రాములకు ఇంటూ గుర్తు చేర్చారు. అంతకు రెండు నెలల ముందు, ఫిబ్రవరి 4న, మన హైదరాబాదులో పుట్టి బేగంపేట పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల ఆ సంస్థ సారథి అయ్యారు. 2015 జులై 29న విడుదలైన విండోస్ 10లో పాత స్టార్ట్ మెనూ పూర్తిగా తిరిగి వచ్చింది. గళ్లు దానిలోనే ఒక పక్కన ఒదిగాయి. 2021లో వచ్చిన విండోస్ 11లో ఆ గళ్లూ పోయాయి. మరో సంగతి: తెలుగు అక్షరాలు చక్కగా కనిపించే నిర్మలా యూఐ ఫాంటు వచ్చింది ఈ విండోస్ 8తోనే. నిందించేటప్పుడు ఆ మేలు మరువరాదు.

2013 సంక్రాంతికి మా అబ్బాయి ఆ విండోస్ 8 ల్యాప్‌టాప్ ఒకటి తెచ్చి ఇచ్చాడు. ఆఫీసులో అందరికీ నేర్పినవాణ్ణి గదా అని ధీమాగా కూర్చున్నాను. చెయ్యి తనంతట తానే ఎడమ మూలకు పోయింది. దోషం యంత్రానిదని అనను, నా అలవాటుది. కాసేపు చూసి, "ఒరేయ్, దీన్ని ఆపేదెట్లారా?" అని పిలిచాను. వాడు పక్క గదిలోంచే, "చాలా ఈజీ నాన్నా, పాప కూడా చేస్తుంది" అన్నాడు.

వాడి తప్పేమీ లేదు. పదిహేనేళ్ల కిందట నేనన్న మాటే నాకు తిరిగి వినిపించింది. ఆ కుర్చీలోంచి లేచి వెళ్లిన మా సూపరింటెండెంట్ గారు కళ్ల ముందు నిలిచారు. ఆయన అప్పటికే కాలం చేశారు. క్షమించమని అడిగే వీలు లేకపోయింది. సులభం అన్న మాట నేర్పేవాడికి ధైర్యం, నేర్చుకునేవాడికి అవమానం. ఈ సంగతి నాకు అరవై దాటాక తెలిసింది.

మిత్రులారా! 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చినప్పటి నుంచి మన లైఫ్ సర్టిఫికెట్టు కూడా తెర మీదికే చేరింది. 2021 నుంచి ఫోనులో ముఖం చూపించి ఇచ్చే వీలూ కలిగింది. తెరలు మారుతూనే ఉంటాయి. మీ ఇంట విండోస్ 8, 8.1 ఉన్న యంత్రాలుంటే బ్యాంకు పనులకు వాడకండి. మొదటిదానికి 2016 జనవరిలో, రెండోదానికి 2023 జనవరిలో భద్రతా సవరణలు ఆగిపోయాయి. ఏ తెర అయినా అర్థం కాకపోతే సిగ్గుపడకుండా అడగండి. అనుభవజ్ఞులైన పన్నెండు మందే తడబడ్డారని గుర్తుంచుకోండి. అడిగినవారికి చెప్పగలిగితే, పక్క గదిలోంచి కాక, పక్కన కూర్చుని చెప్పండి.

మా సంఘం కార్యాలయంలో నెలకు రెండు ఆదివారాలు కొందరికి ఫోను, కంప్యూటరు నేర్పుతున్నాను. సులభం అన్న మాట మాత్రం నోట రానివ్వను. బాకీ పూర్తిగా తీరదు గాని, వడ్డీ కడుతున్నాను.

సభ్యులందరికీ, వారి కుటుంబాలకూ ఆయురారోగ్యాలు కలగాలని కోరుకుంటూ సెలవు.