నలుగురు కూడుచోట గాలి

ఏలూరినుండి కైకలూరు దారిని పోవువారికి కొల్లేటి గాలి మొగమునకు తగులును. చేపల చెఱువుల నీచువాసనయు, తుంగదుబ్బుల పచ్చివాసనయు అందు కలసియుండును. ఆ దారిని మొదటిసారి పోవు పట్టణవాసి ముక్కు మూసికొని, ఈ గాలియే రోగములకు మూలమని తలంచును. ఆయనయే సాయంకాలము ఊరు చేరి, తలుపులు బిగించిన ఏసీ కల్యాణమండపమున అయిదువందల మందితో మూడు గంటలు కూర్చుండి, గాలి హాయిగా నున్నదని సంతసించును. వాసనగల గాలి చెడ్డదనియు, చల్లని గాలి మంచిదనియు మనము నమ్ముచున్నాము. ఈ నమ్మకము ఎట్లేర్పడినదో, దానివలన మనమెంత నష్టపోయితిమో విచారించుట ఈ వ్యాసమునకు విషయము.

మన ప్రాచీన వైద్యగ్రంథములలో ఈ విషయమునుగూర్చి రెండు మాటలున్నవి. చరకసంహిత విమానస్థానమున జనపదములు ఒక్కుమ్మడి నశించుటకు వాయువు, ఉదకము, దేశము, కాలము అను నాలుగును చెడుట కారణముగా చెప్పబడినది. సుశ్రుతసంహిత నిదానస్థానమున కుష్ఠము, జ్వరము, శోషము, నేత్రాభిష్యందము మున్నగునవి ఒకరినుండి వేఱొకరికి సంక్రమించు మార్గములు చెప్పుచు, స్పర్శ, సహభోజనము, ఏకశయ్య, వస్త్రములతోపాటు నిశ్వాసమును గూడ లెక్కించిరి. శోషమనగా క్షయ. పూర్వులు సర్వము నెఱిగియుండిరని చెప్పుట మా తలంపు గాదు, సూక్ష్మజీవులను వారెఱుగరు. కాని ఈ రెండు మాటలకును గల భేదము గమనింపదగినది. చరకుని వాయువు ఊరందఱిది. సుశ్రుతుని నిశ్వాసము ప్రక్కవానిది. తరువాతి కాలపు పండితులు ఈ రెండింటిని కలిపివేయుటవలననే చిక్కంతయు వచ్చినది.

ఐరోపాలో చిరకాలము కుళ్లునుండి పుట్టు చెడుగాలియే సర్వరోగములకును మూలమని నమ్మిరి. ఫ్లారెన్సు నైటింగేలు 1859లో ప్రకటించిన పరిచర్యాగ్రంథమున, రోగి పీల్చు గాలి బయటిగాలివలె శుద్ధముగా నుండవలెనని మొట్టమొదటి నియమముగా చెప్పెను. ఆమె సిద్ధాంతము తప్పు, ఆచరణము ఒప్పు. మలేరియా యను పేరునకు అర్థమే చెడుగాలి. 1897 ఆగస్టు 20వ తేదీన మన సికింద్రాబాదులో రొనాల్డు రాసు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనగా, ఆ నింద గాలిమీదినుండి తొలగిపోయెను. కలరా నీటివలన వచ్చునని అంతకుముందే తేలియుండెను. 1910లో అమెరికా వైద్యుడు చాపిన్ తన గ్రంథమున, అంటువ్యాధులు ముఖ్యముగా స్పర్శవలనను, దగ్గఱనుండి పడు తుంపరలవలనను వ్యాపించుననియు, గాలి భయము చాలవఱకు నిరాధారమనియు వాదించెను. ఊరి గాలికి విడుదల కలుగుట న్యాయమే. కాని దానితోపాటు ప్రక్కవాని నిశ్వాసమును గూడ నిర్దోషియని విడిచిపెట్టిరి.

అయినను క్షయరోగులను చూచు వైద్యులు గాలిని మఱువలేదు. 1915లో మదనపల్లెకు సమీపమున ఆరోగ్యవరమున డేనిషు వైద్యుడు ఫ్రిమోట్ మోలరు ఆధ్వర్యమున క్షయరోగశాల వెలసెను. మందులేని ఆ దినములలో అట్టి శాలలందు వైద్యమనగా విశ్రాంతి, పుష్టికరమగు ఆహారము, ఆరుబయటి గాలి. 1934లో విలియం వెల్స్ అను శాస్త్రజ్ఞుడు, తుంపరలలో పెద్దవి నేల రాలుననియు, చిన్నవి రాలకముందే ఎండిపోయి, వాని లోపలి శేషము చిరకాలము గాలిలో తేలుచుండుననియు నిరూపించెను. ఆతని శిష్యుడు రైలీ 1950లలో బాల్టిమోరున క్షయరోగుల వార్డునుండి వెలువడు గాలిని గొట్టములద్వారా పై అంతస్తునకు చేర్చి, అచట గినీపందులను ఉంచెను. రోగుల నెన్నడును చూడని ఆ జంతువులకు క్షయ సోకెను. అతినీలలోహిత దీపములతో శుద్ధిచేసిన గాలిని పీల్చినవానికి సోకలేదు.

ఇంతలో మందులు వచ్చెను. 1956లో మదరాసున నెలకొల్పిన క్షయచికిత్సా పరిశోధనకేంద్రమువారు, ఇంటియొద్ద మందు పుచ్చుకొన్నవారికిని ఆరోగ్యశాలలో నున్నవారికిని ఫలము ఇంచుమించు సమానమేయని 1959లో ప్రకటించిరి. బీదలకు ఇది గొప్ప వరము. కాని మందు దొరకగానే మనము కిటికీని మఱచితిమి. తరువాత కట్టిన కట్టడములలో కప్పులు దిగెను, కిటికీలు చిన్నవయ్యెను. 2007లో పెరూ దేశపు లీమా నగరమున ఎనిమిది ఆసుపత్రులలోని 70 గదులను పరీక్షించిన ఫలితములు ప్రకటితమయ్యెను. ఎత్తైన కప్పులు, పెద్ద కిటికీలు గల పాత గదులలో కిటికీలు తెఱచినపుడు గాలి గంటకు 40 మార్లు మాఱుచుండగా, క్రొత్త గదులలో 17 మార్లే మాఱెను. యంత్రములతో గాలి నడుపు ప్రత్యేక గదులకు విధించిన ప్రమాణము 12 మార్లు. మన పాత బడులను, సత్రములను, రైలు స్టేషనులను కట్టిన మేస్త్రులు క్రిమిశాస్త్రము చదువలేదు. ఉక్కకోర్వలేక ఎత్తుగా కట్టిరి. ఆ ఉక్కయే వారిచేత మంచిపని చేయించెను.

ఈ మఱపునకు 2020లో మూల్యము చెల్లించితిమి. ఆ సంవత్సరము మార్చి 28వ తేదీన ప్రపంచ ఆరోగ్యసంస్థ కోవిడు గాలిద్వారా వ్యాపించునది కాదని ప్రకటించెను. జూలైలో 239 మంది శాస్త్రజ్ఞులు దానిని కాదని బహిరంగలేఖ వ్రాసిరి. 2021 మే నెలలో గాని మన కేంద్రప్రభుత్వపు ప్రధాన శాస్త్రసలహాదారు కార్యాలయము, సూక్ష్మకణములు పది మీటర్లవఱకు పోగలవనియు, కిటికీలు తెఱువుడనియు ప్రజలకు చెప్పలేదు. అప్పటికి రెండవ విజృంభణము ఇంటింటిని తాకినది. ఆ నడుమ 2020 డిసెంబరున ఏలూరిలో వందలమంది మూర్ఛలతో పడిపోగా, నీటిని, పాలను, రోగుల రక్తమును పరీక్షించిరి. రక్తమున సీసము, నికెలు కనబడెనని ఢిల్లీ ఎయిమ్సువారు చెప్పిరి. పురుగుమందుల అవశేషములు ముఖ్యకారణమని పిమ్మట ప్రభుత్వము ప్రకటించెను. నోటిలోనికి పోవుదానిని పరీక్షింపవలెనను జ్ఞానము మనకు కలదు. ముక్కులోనికి పోవుదాని విషయమున అట్టి తొందర ఇంకను కలుగలేదు.

మా తప్పును గూడ దాచము. మేము పాఠము చెప్పు గది బాటప్రక్కది. ఆటోల రొద పడలేక మేమే కిటికీలు మూయించి, రెండింటికి అడ్డముగా పుస్తకముల బీరువాలను నిలిపితిమి. ఒక యేడు పదవ తరగతి బాలుడు నెలలకొలది దగ్గుచు ఆ గదిలోనే కూర్చుండెను. కఫపరీక్షలో క్షయయని తేలెను. ఆఱునెలల మందుతో అతడు కోలుకొనెను. ప్రక్క బల్లల పిల్లలలో ఇద్దరికి సంక్రమణము కనబడగా వారికిని ముందుజాగ్రత్త మందు ఇచ్చిరి. అది అతనివలననే వచ్చెనని ఎవరును నిరూపింపజాలరు. కాని మేము ఆ బీరువాలవైపు చూడలేకపోతిమి.

తరువాత టేపు తెచ్చి గదిని కొలిచితిమి. ఎనిమిది మీటర్ల పొడవు, ఆఱు వెడల్పు, మూడున్నర ఎత్తు; అనగా 168 ఘనపు మీటర్లు. అందు 50 మంది పిల్లలు. జనపనార మిల్లును ఎఱిగిన ఏలూరివారికి ఈ పోలిక తెలియవలెను. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము క్రొత్త కర్మాగారములలో పనివాడొక్కనికి 14.2 ఘనపు మీటర్ల చోటు విధించెను. ఆ లెక్కను మా గదిలో పదునొకండుగురే పట్టుదురు. పెద్దవారికి, కూలికి వచ్చినవారికి చట్టమిచ్చిన చోటులో నాల్గవవంతైనను చదువుకొన వచ్చిన పిల్లలకు మేమీయలేదు.

ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో ఇట్టి చోట్ల మనిషికి సెకనుకు పది లీటర్ల క్రొత్తగాలి కావలెనని చెప్పెను. మా గదికి ఆ లెక్క గంటకు 1,800 ఘనపు మీటర్లు; అనగా గంటకు సుమారు పదునొకండు మార్లు గాలి మాఱవలెను. మూసిన గదిలో ఇది కలలోని మాట. బొగ్గుపులుసు వాయువును కొలుచు చిన్న యంత్రము ఈ సంగతిని కంటికి చూపును. బయట అది పదిలక్షలకు సుమారు 420 పాళ్లుండును. గదిలో 2,300 దాటినయెడల, మనము పీల్చు ఇరువది శ్వాసలలో ఒకటి ఇతరులు విడిచినదే. ఎంగిలి మెతుకు ముట్టని మనము ఈ ఎంగిలిగాలిని గూర్చి ఆలోచింపకుండుట వింతగాదా?

ఆక్షేపణలు లేకపోలేదు. కొల్లేటి లంకలవారు దోమలందురు. తాడేపల్లిగూడెమువారు ధాన్యపుమిల్లుల పొట్టు, బూడిద యందురు. రెండును నిజమే. దోమకు సన్ననివల కిటికీకి బిగింపవచ్చును. దుమ్ముగల చోట వడపోత పలకలను నాలుగుప్రక్కల అమర్చి నడుమ పంఖా పెట్టిన పెట్టె చాలవఱకు పనిచేయును. ఏసీ పెట్టితిమిగదా యని కొందఱందురు. గోడకు తగిలించు సాధారణపు ఏసీ గదిలోని గాలినే చల్లబఱచి తిప్పును గాని, క్రొత్తగాలిని తేదు. పైని తిరుగు పంఖాయు అంతే. కాబట్టి పైభాగమున గాలిని బయటికి నెట్టు పంఖా యొకటి, ఎదుటి గోడకు గాలి వచ్చు దారి యొకటి కావలెను. వీని వెల కల్యాణమండపపు ఒకనాటి పూలఖర్చుకన్న తక్కువ.

మన ప్రాంతమున కోళ్లు పెంచు రైతు కొట్టమునకు గోడలు కట్టడు, వల కట్టును. గాలి నిలిచినచో కోళ్లు నిలువవని అతడు నష్టపడి నేర్చుకొనెను. ప్రపంచములోని క్షయరోగులలో సుమారు నాల్గవవంతు మన దేశమువారే. ఇంతకన్న నష్టపడి మనము నేర్చుకొనవలసినదేమున్నది?

మేము ఆ బీరువాలను తీయించితిమి. ఆటోల రొద వచ్చుచున్నది. గొంతు కొంచెము పెంచి పాఠము చెప్పుచున్నాము.