బందరు రికార్డులు: ఎవరి చరిత్ర?

బందరు చరిత్రకు ఆధారాలు లేవనే మాట తరచు వింటుంటాం. అది నిజం కాదు. ఆధారాలున్నాయి, అయితే అవి ఆ ఊళ్ళో లేవు, ఎక్కువ భాగం మన భాషలోనూ లేవు. 1606 నాటికి వలందులు, 1611లో ఆంగ్లేయులు బందరులో కోఠీలు పెట్టారు. వలందు కంపెనీ కాగితాలు హేగ్ నగరంలో ఉన్నాయి. ఇంగ్లీషు కుంఫిణీ కాగితాలు కొన్ని లండనులో, కొన్ని మద్రాసులో ఉన్నాయి.

ఇవి చరిత్ర కోసం రాసినవి కావు. సముద్రాల కవతల ఉన్న యజమానులకు లెక్క అప్పగించటానికి ఉద్యోగులు రాసినవి. బందరు కోఠీవారి 1682-83 నాటి సమాలోచనల పుస్తకాన్ని మద్రాసు ప్రభుత్వం 1916లో అచ్చువేసింది. అటువంటి పుటల్లో నేను వెతికింది నేతగాణ్ణి. కుంఫిణీ షావుకారుకు ముందుగా సొమ్మిచ్చేది. షావుకారు నేతగాడికి బయానా ఇచ్చేవాడు. అది తీరేదాకా మగ్గం షావుకారు చేతిలో ఉన్నట్టే. ఆ బట్ట జావా, సుమత్రాలకు పోయి మిరియాలుగా, లవంగాలుగా మారింది. రికార్డులో దొరకు పేరుంది, షావుకారుకు పేరుంది. నేసినవాడు, చిరివేరుతో ఎరుపు అద్దినవాడు ఒట్టి బహువచనం.

"దొరల కాగితాలతో మన చరిత్ర రాయటమేమిటి?" అని కొందరు మిత్రులు అడుగుతారు. నేనొప్పుకోను. యజమాని లెక్కల పుస్తకం యజమాని మీదనే సాక్ష్యం చెబుతుంది. అడగటం మనకు తెలియాలి.

1618-22 మధ్య బందరులో ఉన్న విలియం మెథ్వోల్డ్ రచన 1626లో అచ్చయింది. బందరు మొదట బీద జాలరుల ఊరని, ఊళ్ళో నీళ్ళు ఉప్పనని, పెద్ద పోటు వచ్చినప్పుడల్లా ఊరి చుట్టూ అర మైలు మేర సముద్రం ముంచుతుందని రాశాడు. కొల్లూరు వజ్రాల గనిలో ముప్పైవేల మంది పనిచేస్తున్నారనీ రాశాడు.

సముద్రం సంగతి వర్తకులకు తెలియనిది కాదు. అయినా లాభం ఉన్నంతకాలం అక్కడే ఉన్నారు. కూలివాడు మాత్రం లాభం పోయాక కూడా అక్కడే ఉన్నాడు. 1864 నవంబరు 1 రాత్రి తుఫానుతో ఉప్పెన వచ్చింది. చనిపోయినవారు సుమారు ముప్పైవేలని అంచనా.

గనిలో ముప్పైవేలు, ఉప్పెనలో ముప్పైవేలు. రెండూ గుండ్రని అంకెలే. బందరులోని వలందుల సమాధుల మీద మాత్రం పేర్లు, తేదీలు రాతిలో చెక్కి ఉన్నాయి. పేరు దక్కటం కూడా ఆస్తిలాగే పంపకమయింది.

కనుక రికార్డులను పూజించటమూ తప్పే, పారవేయటమూ తప్పే. పెడన అద్దకంవారి మాటలను, పల్లెకారుల జ్ఞాపకాలను, మిగిలిన తెలుగు దస్తరాలను ఆ కాగితాల పక్కన పెట్టి చదవాలి. విద్యార్థులు ఒక్కొక్క పేటను పంచుకుని ఈ పనికి పూనుకోవచ్చు. హేగ్‌లో భద్రంగా ఉన్నది బందరుతో జరిగిన వర్తకం చరిత్ర. బందరు ప్రజల చరిత్రను మనమే కూర్చుకోవాలి.